పండగల సీజన్‌లో తిండి: తరచుగా అడిగే ప్రశ్నలు

పండగలు, సెలవులు వస్తున్నాయంటే వంటలతో పాటు డౌట్లు కూడా మొదలవుతాయి, స్వీట్లు తినొచ్చా, బరువు పెరిగిపోతామా, షుగర్ ఉన్న అమ్మకి ఏం పెట్టాలి, నిన్నటి కూర ఇవాళ తినొచ్చా అని. ఎక్కువగా అడిగేవన్నీ ఒకచోట పెట్టి రాశాను. పండగ రోజు నోరు కట్టుకోమని చెప్పడం నా ఉద్దేశం కాదు. పండగ రోజు హాయిగా తినండి, పండగ కాని రోజుల్ని మాత్రం మామూలు రోజుల్లాగే ఉండనివ్వండి, కింద జవాబుల్లో చాలావరకు ఈ మాట చుట్టూనే తిరుగుతాయి.

పండగ సీజన్‌లో నిజంగానే అంత బరువు పెరుగుతామా?

అనుకునేంత కాదు. మూడు కిలోలు పెరిగా, నాలుగు కిలోలు పెరిగా అని అందరం చెప్పుకుంటాం కానీ, 2000లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక స్టడీలో అమెరికాలో 195 మంది పెద్దవాళ్ళని ఏడాది చివరి సెలవుల ముందూ తర్వాతా తూచి చూస్తే సగటున పెరిగింది 0.37 కిలోలు, అంటే అరకిలో కూడా లేదు. వాళ్ళు మాత్రం అంతకన్నా బాగా ఎక్కువే పెరిగామని అనుకున్నారు. అయితే ఇంతేనా అని వదిలెయ్యకండి, ఎందుకంటే ఆ పెరిగిన కాస్తా తర్వాత నెలల్లో తగ్గలేదు, అసలు విషయం అదీ. ఏడాదికి ఇంత చొప్పున కలుస్తూ పోతే పదేళ్ళకి ఎంతవుతుందో మీరే లెక్కేసుకోండి. ముందే బరువు ఎక్కువ ఉన్నవాళ్ళలో బాగా పెరిగినవాళ్ళు కూడా ఎక్కువే కనిపించారు కాబట్టి సగటు చూసి అందరికీ ఇంతేలే అనుకోవడానికి లేదు.

విందు తిన్న మర్నాడు పొద్దున మెషిన్ ఎక్కితే ఒకటిన్నర కిలో ఎక్కువ చూపిస్తోంది, ఇదంతా కొవ్వేనా?

కాదు, కంగారు పడొద్దు. ఒక కిలో కొవ్వు చేరాలంటే మీ రోజువారీ అవసరం మీద ఇంకో 7,700 కేలరీల దాకా తినాలి, ఒక్క పూటలో అది ఎవరివల్లా కాదు. మరి ఆ బరువేంటి అంటే ఎక్కువగా నీళ్ళే. ఉప్పు ఎక్కువ తింటే ఒంట్లో నీరు నిలుస్తుంది. పిండి పదార్థాలు, స్వీట్లు ఎక్కువ తింటే ఒళ్ళు ఆ చక్కెరని గ్లైకోజెన్‌గా మార్చి లివర్‌లో, కండరాల్లో దాచుకుంటుంది, ఒక్కో గ్రాము గ్లైకోజెన్‌తో పాటు దాదాపు మూడు గ్రాముల నీళ్ళు కూడా అక్కడే ఉంటాయి. దాని పైన పేగుల్లో ఇంకా అరగాల్సిన తిండి బరువు ఒకటి. మామూలు తిండికి వచ్చేస్తే రెండు మూడు రోజుల్లో చాలావరకు దిగిపోతుంది. ఆ నంబర్ చూసి భయపడి ఆ రోజంతా పస్తుండి రాత్రికి స్వీట్ డబ్బా ఖాళీ చెయ్యడం మాత్రం వద్దు.

అయితే అసలు బరువు ఎక్కడ పెరుగుతోంది?

మధ్య రోజుల్లో. పండగ భోజనం ఏడాదికి ఎన్నిసార్లుంటుంది చెప్పండి, మహా అయితే చేతి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కానీ స్వీట్ డబ్బా వంటింటి గట్టు మీద మూడు వారాలు ఉంటుంది. టీ పెట్టుకుందామని వెళ్తాం, పాలు పొంగేలోపు చెయ్యి ఊరుకోదు, మూత తీసి ఒక ముక్క. అది సగమే విరుస్తాం, మిగతా సగం డబ్బాలో చూడ్డానికి బాగాలేదని అదీ నోట్లో వేసుకుంటాం. సాయంత్రం ఎవరో వస్తారు, వాళ్ళకి ప్లేట్‌లో పెట్టి వాళ్ళతో పాటు మనమూ ఒకటి. రాత్రి అన్నం తిన్నాక నోరు తీపి చేసుకుందామని ఇంకోటి. వీటిలో ఏదీ తిన్నట్టు గుర్తుండదు, ఆకలేసి తిన్నదీ కాదు.

చిన్న ముక్క ఒకటి 120, 130 కేలరీలు ఉండటం మామూలే. రోజుకి మూడు చొప్పున ఇరవై రోజులు అంటే కాగితం మీద దాదాపు ఒక కిలో కొవ్వుకి సరిపడా లెక్క. నిజంగా ఒంట్లో అంత కచ్చితంగా జరగదు, కొంత మిగతా తిండి తగ్గడం వల్ల సర్దుకుంటుంది, కానీ ఎటువైపు పోతోందో అర్థమవుతుంది కదా.

అందుకే నేను ఎవరడిగినా ముందు చెప్పేది ఒకటే, డబ్బా కంటికి కనపడకుండా పెట్టండి. పైన అరలో, వెనక్కి, మూత గట్టిగా ఉండి లోపల ఏముందో కనపడని డబ్బాలో. తినాలనిపించినప్పుడు తియ్యండి, ఒక చిన్న ప్లేట్‌లో పెట్టుకుని కూర్చుని తినండి, మళ్ళీ లోపల పెట్టెయ్యండి. నిలబడి తినేది, డబ్బాలోంచి నేరుగా తినేది, ఫోన్ చూస్తూ తినేది ఈ మూడూ ఆపితే చాలా మారిపోతుంది.

రాత్రికి పెద్ద విందు ఉంది, పగలంతా ఏం తినకుండా ఉంటే లెక్క సరిపోతుంది కదా?

లెక్కలో సరిపోతుంది, కడుపులో సరిపోదు. పగలంతా మాడి రాత్రికి అక్కడికెళ్తే మొదట కనపడేవి వేపుళ్ళు, స్వీట్లు, కూల్ డ్రింకులు, ఆకలి మీద ఎవరికైనా చెయ్యి వాటి మీదకే పోతుంది, పైగా అంత ఆకలితో గబగబా తింటాం, కడుపు నిండిందని తెలిసేలోపే అవసరానికి మించి తినేసి ఉంటాం. పొద్దున మామూలుగా టిఫిన్ చెయ్యండి, మధ్యాహ్నం కాస్త తేలిగ్గా కూరగాయలు, పప్పో గుడ్డో పెరుగో ఏదో ఒక ప్రోటీన్ ఉండేలా తినండి, బయల్దేరే ముందు ఒక పండు తిని గ్లాసు నీళ్ళు తాగినా మంచిదే. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్ళు అయితే పస్తు అసలు పనికిరాదు, దాని గురించి కింద రాశాను.

బఫేలో ప్లేట్ ఎలా పెట్టుకుంటే మంచిది?

ప్లేట్ తీసుకునే ముందు ఖాళీ చేతులతో ఒక రౌండ్ వెయ్యండి. ఏమేం ఉన్నాయో మొత్తం చూసి, వీటిలో రోజూ దొరికేవి ఏవి, ఇక్కడ మాత్రమే దొరికేవి ఏవి, నాకు నిజంగా ఇష్టమైనవి ఏవి అని అనుకుని అప్పుడు పెట్టుకోండి. రోజూ తినేదాన్ని ఇక్కడ కూడా కడుపు నిండా తినడంలో అర్థం లేదు, ఆ చోటు ఇష్టమైనదానికి ఉంచుకోండి. సగం ప్లేట్ కూరగాయలు, సలాడ్, పావు వంతు ప్రోటీన్, పావు వంతు అన్నమో రొట్టో అన్న పాత పద్ధతి పండగ రోజు కూడా బాగానే పనిచేస్తుంది, కొలబద్ద పెట్టి కొలవక్కర్లేదు.

రకాలు ఎక్కువైతే ఎక్కువ తింటాం, ఇది మన బలహీనత కాదు, ఒంటి స్వభావమే. ఒకటే రుచి తింటూ ఉంటే కాసేపటికి దాని మీద మోజు తగ్గుతుంది కానీ కొత్త రుచి రాగానే మళ్ళీ తినబుద్ధవుతుంది, కడుపు నిండా అన్నం తిన్నాక కూడా స్వీట్‌కి చోటుందనిపించేది అందుకే. 1980ల్లో బార్బరా రోల్స్ అనే సైంటిస్ట్, ఆవిడ టీమ్ దీని మీద చాలా పని చేశారు. కాబట్టి ఒకేసారి పది రకాలు కాకుండా మూడు నాలుగు తీసుకోండి, బాగుంటే వాటినే ఇంకొంచెం వేసుకోండి.

ఇంకో చిన్న విషయం, ముందు కూరగాయలూ ప్రోటీన్ తిని, అన్నం, బ్రెడ్, స్వీట్లు చివర్లో తింటే తిన్న తర్వాత రక్తంలో షుగర్ అంత ఎత్తున లేవట్లేదని స్టడీల్లో కనపడింది. ఖర్చు లేని పని.

కడుపు నిండిందని తెలియడానికి 20 నిమిషాలు పడుతుందంటారు, నిజమేనా?

దాదాపు నిజమే. కడుపు సాగడం, పేగుల నుంచి హార్మోన్లు విడుదలవ్వడం, అవి మెదడుకి చేరడం, ఇదంతా జరగడానికి సుమారు అంత టైమ్ పడుతుంది. రెండోసారి వడ్డించుకునే ముందు కాసేపు కబుర్లు చెప్పండి, ఇంకా ఆకలుంటే అప్పుడు తినండి.

పెద్దవాళ్ళు, చుట్టాలు బలవంతంగా వడ్డిస్తుంటే ఎలా కాదనాలి?

అందరికీ కష్టమైన ప్రశ్న ఇదే, కేలరీల లెక్క కన్నా మొహమాటమే ఎక్కువ తినిపిస్తుంది. వడ్డించేవాళ్ళ మనసులో ఉన్నది ప్రేమ, అది మనకీ తెలుసు, అందుకే నోరు పెగలదు. ముందు వంట బాగుందని చెప్పండి, అదీ ఏది బాగుందో పేరు పెట్టి చెప్పండి. "అత్తయ్యా, ఆ వంకాయ కూర చాలా బాగా కుదిరింది, రెండుసార్లు వేసుకున్నా, ఇంక నిజంగా చాలు" అంటే ఆవిడకి కావాల్సింది అందింది, మీకు కావాల్సిందీ అందింది. డైట్‌లో ఉన్నా, బరువు తగ్గాలి, డాక్టర్ వద్దన్నాడు అని మొదలుపెడితే మాత్రం అది చర్చ అయిపోతుంది, ఒక్క రోజుకి ఏం కాదులే అని నలుగురూ పోగవుతారు. కారణం చెప్పక్కర్లేదు, చాలు అన్న మాట నవ్వుతూ రెండుసార్లు, కావాలంటే మూడోసారి కూడా అదే మాట అదే గొంతుతో చెప్పండి.

కంచంలో కొంచెం మిగిల్చి నెమ్మదిగా తినండి, ఖాళీ కంచం కనపడితేనే గరిట వస్తుంది. స్వీట్ వద్దనలేని చోట "కట్టి ఇవ్వండి పిన్నీ, రేపు తింటా" అంటే చాలామంది సంతోషంగా కట్టిస్తారు.

వడ్డించేవాళ్ళకి కూడా ఒక మాట చెప్పాలి. ఒకసారి అడగండి, రెండోసారి అడగండి, మూడోసారి మాత్రం వద్దు. ఎదుటివాళ్ళకి షుగర్ ఉందో, కిడ్నీ సమస్య ఉందో, కడుపులో బాగాలేదో, తిండి విషయంలో లోపల్లోపల ఏదైనా బాధ పడుతున్నారో మనకి తెలీదు, నలుగురిలో ఆ కారణం వాళ్ళ నోటితో చెప్పించడం మర్యాద కాదు. గిన్నెలు మధ్యలో పెట్టి ఎవరికి కావాల్సింది వాళ్ళని వేసుకోనిస్తే అన్నిటికన్నా మంచిది.

చక్కెరకి బదులు తేనెతో చేసినవి, షుగర్ ఫ్రీ అని రాసినవి ఎంతైనా తినొచ్చా?

తినకూడదు. తేనె కూడా చక్కెరే, ఒంటికి పెద్ద తేడా తెలీదు, ప్రపంచ ఆరోగ్య సంస్థ చక్కెర తగ్గించమని చెప్పే లెక్కలో తేనె, పళ్ళ రసాలు కూడా కలిపే చెబుతుంది. ఆ లెక్క ఏంటంటే రోజుకి 2,000 కేలరీలు తినేవాళ్ళకి 50 గ్రాముల లోపు, ఇంకా తగ్గించి 25 గ్రాముల లోపు ఉంటే మరీ మంచిది, 25 గ్రాములంటే ఆరు టీస్పూన్లు. షుగర్ ఫ్రీ స్వీట్లలో చక్కెర ఉండకపోవచ్చు కానీ నెయ్యి, పిండి, పాలపొడి ఎక్కడికీ పోవు, కేలరీలు దాదాపు అంతే ఉండొచ్చు. చక్కెర బదులు మాల్టిటాల్, సార్బిటాల్ లాంటి తీపి పదార్థాలు వేసినవి ఎక్కువ తింటే కడుపు ఉబ్బరం, విరేచనాలు కూడా అవుతాయి. షుగర్ ఫ్రీ అని రెండు తినే బదులు అసలుది ఒక్కటి తృప్తిగా తినండి, నా అభిప్రాయం అయితే అదే.

కూల్ డ్రింకులు, జ్యూసులు, మందు సంగతేంటి?

తాగినవి కడుపు నింపవు, అదే వాటితో గొడవ. 330 మి.లీ. కోలా క్యాన్‌లో దాదాపు 35 గ్రాముల చక్కెర ఉంటుంది, అంటే ఎనిమిది టీస్పూన్ల పైనే, తాగిన తర్వాత తినే తిండి మాత్రం ఏం తగ్గదు. నీళ్ళు, సోడాలో నిమ్మకాయ, మజ్జిగ ఇవి పెట్టండి, జ్యూస్ బదులు పండే తినండి.

మందులో ఉండే ఆల్కహాల్‌లో గ్రాముకి 7 కేలరీలు, కొవ్వులో 9, చక్కెరలో 4, అంటే ఆల్కహాల్ కొవ్వుకి దగ్గర్లో ఉంది. పైగా మందు తాగుతూ తినేటప్పుడు ఎంత తింటున్నామో పట్టింపు ఉండదు. తాగే అలవాటు లేనివాళ్ళు పండగ పేరు చెప్పి మొదలుపెట్టొద్దు, తాగేవాళ్ళు ఖాళీ కడుపుతో తాగొద్దు, ఒక్కో గ్లాసుకి మధ్య ఒక గ్లాసు నీళ్ళు తాగండి, బండి తియ్యొద్దు. సెలవుల్లో ఒక్కసారిగా ఎక్కువ తాగినవాళ్ళకి గుండె లయ తప్పడాన్ని 1978లోనే డాక్టర్లు గుర్తించి హాలిడే హార్ట్ అని పేరు పెట్టారు, గుండె జబ్బు లేనివాళ్ళలో కూడా జరుగుతుంది. గుండె దడదడలాడుతూ తగ్గకపోతే హాస్పిటల్‌కి వెళ్ళాల్సిందే.

షుగర్ ఉన్నవాళ్ళు పండగ రోజు స్వీట్ ముట్టుకోకూడదా?

చాలామంది ముట్టుకోవచ్చు, ఎంత, ఎప్పుడు, దేనికి బదులుగా అన్నదే ప్రశ్న. స్వీట్ తినాలనుకుంటే ఆ పూట అన్నమో రొట్టో ఆ మేరకు తగ్గించండి, ఖాళీ కడుపుతో కాకుండా భోజనం చివర్లో చిన్న ముక్క తినండి, తిన్నాక ఒక పదిహేను నిమిషాలు నడవండి, ఈ నడక నిజంగా పనిచేస్తుంది, కండరాలు రక్తంలో షుగర్‌ని అప్పటికప్పుడు వాడేసుకుంటాయి. గ్లూకోమీటర్ ఉంటే పండగ రోజుల్లో ఒకటి రెండు టెస్టులు ఎక్కువ చేసుకోండి. నూనె, నెయ్యి బాగా ఉన్న భోజనం నెమ్మదిగా అరుగుతుంది కాబట్టి రెండు గంటలకి చూస్తే బాగానే ఉన్నట్టుండి ఆ తర్వాత షుగర్ పెరిగే అవకాశం ఉంది, అందుకని నాలుగు గంటలకి ఇంకోసారి చూస్తే మంచిది.

లో షుగర్ గురించి ఎవరూ పట్టించుకోరు, నాకు దాని గురించే ఎక్కువ భయం. ఇన్సులిన్ కానీ, గ్లిమెపిరైడ్, గ్లైబెన్‌క్లమైడ్ లాంటి మాత్రలు కానీ వేసుకుని, భోజనం రెండింటికని చెప్పి నాలుగింటికి పెడితే మధ్యలో షుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు, దడ, తికమకగా మాట్లాడటం, ఇవి కనపడితే షుగర్ చూడండి, 70 కన్నా తక్కువ ఉంటే వెంటనే 15 గ్రాముల చక్కెర, అంటే దాదాపు నాలుగు టీస్పూన్లు నీళ్ళలో కలిపి కానీ, అర గ్లాసు పళ్ళ రసం కానీ ఇచ్చి 15 నిమిషాలకి మళ్ళీ చూడండి, ఇంకా తక్కువే ఉంటే మళ్ళీ ఇవ్వండి. ఆ టైమ్‌లో చాక్లెట్, నెయ్యి స్వీట్ ఇవ్వొద్దు, అందులో కొవ్వు వల్ల చక్కెర ఆలస్యంగా ఎక్కుతుంది. స్పృహ లేనివాళ్ళ నోట్లో ఏమీ పొయ్యొద్దు, అంబులెన్స్ పిలవండి. మద్యం తాగితే లో షుగర్ చాలా గంటల తర్వాత, నిద్రలో కూడా రావొచ్చు.

ఎక్కువ తింటున్నా కదా అని ఇంకో మాత్ర వేసుకోవడం, తినట్లేదు కదా అని మానెయ్యడం రెండూ సొంతంగా చెయ్యొద్దు, పండగ ముందే డాక్టర్‌ని అడిగి పెట్టుకోండి.

బీపీ, గుండె, కిడ్నీ సమస్యలు ఉన్నవాళ్ళు దేన్ని చూసుకోవాలి?

ఉప్పుని. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకి రోజుకి 5 గ్రాముల లోపు అంటుంది, ఒక టీస్పూన్ కూడా కాదు, ప్యాకెట్ చిరుతిళ్ళు, ఊరగాయలు, సాస్‌లు, ఉప్పు చల్లిన గింజలు కలిస్తే మధ్యాహ్నానికే అది దాటిపోతుంది. గుండె బలహీనంగా ఉండి నీరు చేరే సమస్య ఉన్నవాళ్ళు రోజూ పొద్దున బరువు చూసుకోండి, ఒక్క రోజులో కిలో పైన కానీ వారంలో రెండు కిలోల పైన కానీ పెరిగినా, కాళ్ళ వాపు, ఆయాసం వచ్చినా ఆగకుండా డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి. కిడ్నీ పేషెంట్లకి డ్రై ఫ్రూట్స్, జ్యూసుల్లో పొటాషియం ఇబ్బంది, ఉప్పు తక్కువని అమ్మే లో సోడియం సాల్ట్‌లో కూడా పొటాషియమే ఉంటుంది కాబట్టి అడగకుండా వాడొద్దు. గౌట్, అంటే యూరిక్ యాసిడ్ వల్ల వచ్చే కీళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకి మాంసం, రొయ్యలు, బీర్ ఒకే రోజు పడితే కాలి బొటనవేలు ఆ రాత్రే చెప్పేస్తుంది.

ఊరెళ్ళేటప్పుడు రోజూ వేసుకునే మందులు బ్యాగులో మొదట పెట్టండి, తిండి కన్నా మాత్రలు మర్చిపోవడం వల్లే ఎక్కువ ముప్పు.

భుక్తాయాసం, గుండెల్లో మంటకి ఏం చెయ్యాలి?

తిన్న వెంటనే పడుకోవద్దు, పడకకి రెండు మూడు గంటల ముందే భోజనం అయిపోవాలి. బిగుతు బట్టలు వదులు చేసుకుని నిటారుగా కూర్చోండి, నెమ్మదిగా నడవండి. పడుకోక తప్పకపోతే తల వైపు ఎత్తు పెట్టుకుని ఎడమ వైపు తిరిగి పడుకుంటే మంట తక్కువ ఉంటుంది. కొవ్వు బాగా ఉన్న భోజనం తర్వాత కుడివైపు పక్కటెముకల కింద గట్టిగా నొప్పి వచ్చి గంటలకొద్దీ ఉంటే అది పిత్తాశయంలో రాళ్ళ వల్ల కావచ్చు.

దయచేసి ఇది మాత్రం గుర్తుంచుకోండి, ఛాతీలో బరువు, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకడం, చల్లటి చెమటలు, ఆయాసం, వీటిని గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకోవద్దు. ఇల్లంతా చుట్టాలున్నారు, అందరినీ కంగారు పెట్టడం ఎందుకని ఆగేవాళ్ళు ఉంటారు, ఆగొద్దు.

పిల్లల్ని ఎలా కంట్రోల్ చెయ్యాలి?

కంట్రోల్ అనే మాటే వదిలెయ్యండి. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి అన్నది పెద్దవాళ్ళ చేతిలో ఉండాలి, పెట్టినదాంట్లో ఎంత తినాలన్నది పిల్లలకి వదలాలి. కూర తింటే స్వీట్ ఇస్తా అంటే కూర శిక్ష, స్వీట్ బహుమతి అని మనమే నేర్పినట్టు అవుతుంది, కొంచెం స్వీట్ భోజనంతో పాటే ప్లేట్‌లో పెట్టేస్తే దాని మీద అంత మోజు ఉండదు. స్వీట్లు తింటే పిల్లలు గంతులేస్తారు అంటారు కానీ 1995లో అప్పటిదాకా జరిగిన స్టడీలన్నీ కలిపి చూస్తే చక్కెరకీ ఆ గంతులకీ సంబంధం దొరకలేదు, ఇంటి నిండా పిల్లలు, అర్ధరాత్రి దాకా మెలకువ, అదీ అసలు కారణం.

ఏడాది లోపు పిల్లలకి తేనె ఒక్క చుక్క కూడా నాకించొద్దు, బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావొచ్చు. ఐదేళ్ళ లోపు వాళ్ళకి వేరుశనగలు, జీడిపప్పులు, గట్టి చాక్లెట్లు గొంతులో అడ్డం పడతాయి, పొడి చేసి వెయ్యండి. రెండేళ్ళ లోపు వాళ్ళకి చక్కెర వేసినవి అసలు అక్కర్లేదు.

వండేదాన్ని నేనే, రుచి చూస్తూనే కడుపు నిండిపోతుంది, ఏం చెయ్యను?

వండేవాళ్ళు అందరికన్నా ఆలస్యంగా తింటారు, అప్పటిదాకా రుచి చూడటమే తిండి అవుతుంది. పొయ్యి ముందుకి వెళ్ళే ముందే కడుపుకి ఏదైనా తినండి, రుచికి చిన్న స్పూను పెట్టుకోండి. చాలా స్వీట్లలో చక్కెర పావు వంతు తగ్గించినా ఎవరూ గుర్తుపట్టరు. వేయించేటప్పుడు నూనె బాగా కాగాక వెయ్యండి, చల్లగా ఉంటే నూనె పీలుస్తుంది, ఒక టేబుల్ స్పూన్ నూనె అంటేనే 120 కేలరీలు. నల్లబడి, నురగ వచ్చి, పొగ తొందరగా లేస్తున్న నూనె మళ్ళీ వాడొద్దు.

ఇంట్లో మిగతావాళ్ళు కూడా ఒక పని పంచుకోండి, కనీసం వండినవాళ్ళు వేడివేడిగా అందరితో కూర్చుని తినేలా చూడండి.

మిగిలిన వంటలు ఎన్ని రోజులు తినొచ్చు?

వండినది బయట రెండు గంటలకి మించి ఉంచొద్దు, ఎండ 32 డిగ్రీలు దాటితే గంటే. 5 నుంచి 60 డిగ్రీల మధ్య సూక్ష్మజీవులు తొందరగా పెరుగుతాయి, పండగ రోజు గిన్నెలు మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా టేబుల్ మీదే ఉంటాయి కదా, గొడవంతా అక్కడే. పెద్ద గిన్నెతో ఫ్రిజ్‌లో పెడితే మధ్యలో వేడి గంటలకొద్దీ పోదు, లోతు తక్కువ ఉన్న చిన్న డబ్బాల్లోకి సర్ది పెట్టండి. ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు, అంతకు మించి ఉంచాలంటే ఫ్రీజర్. వేడి చేసేటప్పుడు అంచులే కాదు, మధ్యలో కూడా పొగలు రావాలి, ఎంత తింటారో అంతే తీసి ఒక్కసారే వేడి చెయ్యండి.

అన్నంతో ఇంకా జాగ్రత్త. బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు, అన్నం గంటలకొద్దీ బయట ఉంటే అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి, ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు. వాసన బాగానే ఉంది కదా అన్నది నమ్మొద్దు, ఒంటికి చెడు చేసేవి చాలావాటికి వాసన ఉండదు. పాలతో చేసిన మెత్తటి స్వీట్లు తొందరగా పాడవుతాయి, పొడిగా ఉండేవి నిలుస్తాయి, ముందు మెత్తవి తినేయండి. గర్భిణులు, ముసలివాళ్ళు, చిన్న పిల్లలకి అనుమానం ఉన్నది ఏదీ పెట్టొద్దు.

తిన్నదంతా ఎక్సర్‌సైజ్‌తో కరిగించెయ్యొచ్చా?

70 కిలోల మనిషి అరగంట వేగంగా నడిస్తే కరిగేది సుమారు 150 కేలరీలు, ఒక చిన్న స్వీట్ ముక్క కన్నా కాస్త ఎక్కువ. కాబట్టి శిక్షలాగా చెయ్యొద్దు. కానీ భోజనం తర్వాత నడక షుగర్‌కి, అరుగుదలకి, మనసుకి అన్నిటికీ మంచిది, చుట్టాలతో కలిసి కబుర్లాడుతూ వెళ్ళండి.

ఒకరోజు మరీ ఎక్కువ తినేశాను, డీటాక్స్ జ్యూసులు తాగనా?

అక్కర్లేదు, ఒంట్లో చెత్తని బయటికి పంపే పని లివర్, కిడ్నీలు రోజూ చేస్తూనే ఉన్నాయి. తర్వాత పూట మామూలుగా తినండి, ఆకలి లేకపోతే తక్కువ తినండి, నీళ్ళు తాగండి. ఎలాగూ పాడైంది కదా, సీజన్ అయ్యాక చూద్దాం అని వదిలెయ్యడమే అసలు నష్టం.

రోజూ బరువు చూసుకోవాలా?

చాలామందికి వారానికి రెండుసార్లు చాలు. బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్‌లో 272 మందితో చేసిన ట్రయల్, 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది, అందులో వారానికి కనీసం రెండుసార్లు బరువు చూసుకుని కొన్ని చిన్న టిప్స్ పాటించినవాళ్ళకి, ఆరోగ్యం గురించి ఒక చిన్న కరపత్రం మాత్రమే అందుకున్నవాళ్ళకి సెలవుల తర్వాత దాదాపు అరకిలో తేడా వచ్చింది. పైన మొదటి జవాబులో చెప్పిన సెలవుల పెరుగుదల కూడా ఇంచుమించు అంతే. కానీ ఆ నంబర్ చూస్తే ఆ రోజంతా పాడైపోయేవాళ్ళు, తిండి సమస్యలతో బాధపడినవాళ్ళు మెషిన్ జోలికే వెళ్ళొద్దు.

కలిసిన ప్రతివాళ్ళూ లావయ్యావనో చిక్కిపోయావనో అంటున్నారు, తిండి అంటేనే భయమేస్తోంది

అలా అనేవాళ్ళకి అది పలకరింపు, వినేవాళ్ళకి మాత్రం అది చాలా రోజులు లోపల ఉండిపోతుంది. ముఖ్యంగా టీనేజ్ పిల్లల ఒంటి గురించి, ప్లేట్ గురించి ఎవరూ మాట్లాడొద్దని ఇంటి పెద్దవాళ్ళు ముందే చుట్టాలకి చెప్పండి. మీకే ఎవరైనా అంటే "అవన్నీ వద్దులే బాబాయ్, మీరెలా ఉన్నారు" అని మాట మార్చెయ్యండి. తిన్న ప్రతిసారీ తప్పు చేసినట్టు అనిపించడం, దొంగచాటుగా చాలా తినేయడం, తిన్నది కావాలని కక్కెయ్యడం, రోజులకొద్దీ పస్తుండటం, ఇవి పట్టుదల లేకపోవడమో మొండితనమో కాదు, వైద్యంతో తగ్గే సమస్యలు, సైకియాట్రిస్ట్‌నో సైకాలజిస్ట్‌నో కలవండి. ఈ పేజీలో ఉన్న లెక్కలు మీకు పనికొచ్చేవి కావు, వాటిని పక్కన పెట్టండి.

నిద్రకీ తిండికీ సంబంధం ఉందా?

ఉంది. నిద్ర తక్కువైతే మర్నాడు ఆకలి, అందులోనూ తీపి మీద, నూనె వస్తువుల మీద యావ పెరుగుతుంది. సాయంత్రం తర్వాత కాఫీ తగ్గించండి, కెఫీన్ సగం దిగడానికే ఐదు గంటల దాకా పడుతుంది.

సీజన్ అయిపోయింది, ఇంట్లో ఇంకా స్వీట్లు మిగిలాయి, వాటినేం చెయ్యాలి?

రెండు మూడు రోజుల్లో ఇంట్లోవాళ్ళు నిజంగా ఇష్టంగా తినేంత పక్కన పెట్టండి. మిగతావి బాగున్నప్పుడే పంచెయ్యండి, ఆఫీసులో, పనిచేసేవాళ్ళకి, పక్కింట్లో ఎవరు తింటారో వాళ్ళకి, పాడవబోయే ముందు రోజు ఇవ్వడం మాత్రం వద్దు. కొన్ని ఫ్రీజర్‌లో పెట్టొచ్చు, ఒక్కొక్కరికి సరిపడా చిన్న ప్యాకెట్లుగా, తేదీ రాసి. ఎవరూ తినేలా లేనివి, అనుమానం ఉన్నవి పారెయ్యండి, పారేస్తే పాపమని ఇష్టం లేకుండా తింటే ఆ తిండి ఎవరికీ అందినట్టు కాదు. ఏవి ఎంత మిగిలాయో ఒక కాగితం మీద రాసి పెట్టుకుంటే వచ్చే ఏడాది సరుకుల లిస్టు రాసేటప్పుడు వాటిని సగానికి తగ్గించొచ్చు.